సెలెక్షన్ అయ్యాక రెండేళ్ళు: పాలమూరు దగ్గరి ఒక ఫుట్‌బాల్ హాస్టల్ అకాడమీ ఎట్లుంది?

ట్రయల్స్ లిస్టులో పేరు కనబడితే ఆ ఇంట్లో పండగే. ఫోన్లు మోగుతాయి, స్టేటస్‌లు పడతాయి, తెల్లారేసరికి ట్రంకు పెట్టె కొంటారు. లిస్టుకెక్కిన పిల్లగాడు రెండేళ్ళ తర్వాత ఎట్లా ఆడతాడన్నది మాత్రం ఆ రోజు ఎవరికీ తెలియదు, ఎంపిక చేసిన కోచ్‌కు కూడా. ఆ రెండేళ్ళలో ఏం నేర్పారు, ఏం తినిపించారు, ఎన్ని నిమిషాలు మ్యాచ్ ఆడించారు అనేవే దాన్ని తేలుస్తాయి. మహబూబ్‌నగర్, జడ్చర్ల మధ్య ఉన్న ఈ హాస్టల్ అకాడమీని ఆ మూడింటితోనే కొలిచి ఈ రివ్యూ రాస్తున్నా. పేరు కావాలనే రాయడం లేదు. ఇలాంటివి చుట్టుపక్కల ఇంకా వస్తున్నాయి, ఇక్కడ చెప్పే కొలతలు వాటికీ పనికొస్తాయి.

ముందు తీర్పు చెప్తా. 11 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ఈ చోటు బాగుంది, ధైర్యంగా చేర్పించవచ్చు. 15 నిండాక కూడా ఇక్కడే ఉంచితే ఆట అక్కడే నిలిచిపోతుంది. నేర్పడంలో లోపం లేదు, మ్యాచ్‌లు లేవు.

హాస్టల్లో 60 మంది దాకా ఉంటారు, వయసు 11 నుంచి 17. నారాయణపేట, మక్తల్, కోస్గి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఎక్కువ, దేవరకొండ తండాల నుంచి కొంతమంది. తల్లిదండ్రులు పనికోసం ముంబై, పుణె పోయిన ఇళ్ళ పిల్లలు కూడా ఉన్నారు. అలాంటి ఇళ్ళకు ఫీజు సగమే తీసుకుంటున్నారు, అది నిజంగా మెచ్చుకోవాల్సిన పని. మామూలుగా నెలకు 8,500 రూపాయలు. కోచింగ్, మంచం, మూడు పూటల తిండి అందులోనే. స్కూలు ఫీజు వేరు. చేరేటప్పుడు కట్టే 5,000లో రెండు జతల జెర్సీ నిక్కర్లు, మేజోళ్ళు, షిన్ గార్డులు ఇస్తారు. బూట్లు మనమే కొనాలి. కోచ్‌లు ముగ్గురు. ఒకరికి ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) సీ లైసెన్స్, ఇద్దరికి డీ లైసెన్స్ ఉంది. మన దేశంలో ఈ లైసెన్స్‌లు డీ తర్వాత సీ, బీ, ఏ, ప్రో దాకా పోతాయి. 14 ఏళ్ళ లోపు వాళ్ళకు సీ లైసెన్స్ కోచ్ చాలు. పైబడిన బ్యాచ్‌కు కనీసం ఒక బీ లైసెన్స్ కోచ్ ఉండాలి, ఇక్కడ లేరు.

గ్రౌండు పక్కన నిలబడి పది నిమిషాలు చూస్తే ఏ అకాడమీ సంగతైనా సగం తెలిసిపోతుంది. ఎంతమంది పిల్లలకు ఎన్ని బాల్స్ ఉన్నాయో లెక్కపెట్టండి. చాలా చోట్ల పన్నెండు మంది లైన్లో నిలబడతారు, ఒకడు ఉరికి గోల్‌కు కొట్టి మళ్ళీ వెనక చేరతాడు. గంటన్నర ప్రాక్టీసులో ఒక్కొక్కరి కాలికి బాల్ తగిలేది ఏ ఇరవై ముప్పై సార్లో. ఇక్కడ 20 మంది బ్యాచ్‌కు 20 బాల్స్ ఉన్నాయి. మొదటి పావుగంట ఎవరి బాల్ వాళ్ళదే. తర్వాత 8 మీటర్ల చదరం గీసి నలుగురు అంచుల మీద, ఒకడు మధ్యలో. మధ్యవాడు బాల్ అందుకునేదాకా మిగతావాళ్ళు పాస్‌లు తిప్పుతూనే ఉండాలి. ఆ తర్వాత 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పులో నలుగురికి నలుగురు. నాలుగు నిమిషాలు ఆట, రెండు నిమిషాలు ఆగడం, ఇట్లా ఐదు విడతలు. చోటు చిన్నదైతే బాల్ మళ్ళీ మళ్ళీ కాలి దగ్గరికి వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఆపాలా, వదలాలా, తిరగాలా అని పిల్లగాడు తేల్చుకోక తప్పదు. 12 ఏళ్ళ పిల్లలను పెద్ద మైదానంలో పదకొండు మంది చొప్పున ఆడిస్తే ఆ తేల్చుకునే పని ఇద్దరు ముగ్గురు గట్టి పిల్లలకే దక్కుతుంది, మిగిలినవాళ్ళు ఉరికి ఉరికి అలిసిపోతారు.

నేర్పే విషయాల్లో రెండు మరీ బాగున్నాయి. ఒకటి, బాల్ రాకముందే మెడ తిప్పి వెనక చూసుకోవడం. రెండు, వచ్చిన బాల్‌ను దూరపు కాలితో అందుకోవడం. దగ్గరి కాలితో ఆపితే ఒళ్ళు బాల్ వచ్చిన దిక్కుకే తిరిగి ఉంటుంది, వెనక ఎవరున్నారో కనబడదు, చివరికి ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే పాస్ ఇవ్వాల్సి వస్తుంది. దూరపు కాలితో అందుకుంటే ఒళ్ళు పక్కకు తెరుచుకుంటుంది, రెండు వైపులా కనబడుతుంది, రెండో అడుగులోనే ముందుకు పోవచ్చు. దీన్ని నేర్పే పద్ధతి కూడా తేలిక. బాల్ దారిలో ఉండగానే కోచ్ పిల్లగాడి వెనక వేళ్ళు చూపించి "ఎన్నిరా?" అంటాడు. జవాబు చెప్పాకే బాల్ ఆపాలి. ఈ అలవాటు 12, 13 ఏళ్ళకే పడాలి. 18 ఏళ్ళవాడికి నేర్పబోతే ప్రాక్టీసులో చేస్తాడు, మ్యాచ్‌లో మర్చిపోతాడు.

బుధవారం సాయంత్రం ఆటలో బలమైన కాలితో కొట్టిన గోల్ లెక్కలోకి రాదు. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి నెల ఇది కష్టంగానే ఉంటుంది, తల్లిదండ్రులు వచ్చి "మావోడు ఇంటికాడ ఇంతకన్నా మంచిగ ఆడుతుండె సార్" అంటుంటారు. అది వెనక్కు పోవడం కాదు, కొత్త పని నేర్చుకునేటప్పుడు పాత పని కొన్నాళ్ళు చెడినట్టు కనబడుతుంది. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు ఈ పద్ధతి కొత్తదేం కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తయారుచేసిన రోజుల్లో డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం గెలిచింది. ఆయన వృత్తి బడిపంతులు పని. ఆ తీరు ఈ కోచ్‌లలో కొంత కనబడుతుంది. అరవరు, ఆట ఆపి నిలబెట్టి చూపిస్తారు.

గోల్‌కీపర్ల విషయంలో మాత్రం ఏమీ లేదు. వేరే కోచ్ లేడు, వేరే ప్రాక్టీసు లేదు. ఇద్దరు కీపర్లు గోల్ ముందు నిలబడి మిగతా వాళ్ళ షాట్లు తింటారు, అంతే. పడడం ఎట్లాగో నేర్పకుండా మొరం మీద డైవ్ చేయమంటే మోచేతులు, తుంటి కొట్టుకుపోతాయి. కీపర్ కావాలనుకునే పిల్లగాణ్ణి ఇక్కడ చేర్చొద్దు.

గ్రౌండు సంగతి. ఎర్రమట్టి మీద మొరం పోసి రోలర్ తొక్కించారు. గడ్డి లేదు. దక్షిణం వైపు గోల్ దగ్గర కంకర తేలి ఉంది, అక్కడ మోకాళ్ళు పగలని పిల్లగాడు లేడు. దీన్ని కొలవడానికి తేలిక పరీక్ష ఉంది. బాగా గాలి ఉన్న బాల్‌ను 2 మీటర్ల ఎత్తు నుంచి వదలండి. ఫిఫా క్వాలిటీ ముద్ర పొందిన కృత్రిమ టర్ఫ్ మీద అది 60 సెంటీమీటర్ల నుంచి మీటరు లోపే ఎగరాలి. ఇక్కడ ఎండాకాలంలో మీటరు దాటిపోతుంది. అంటే పిల్లలు ఎప్పుడూ మోకాలి ఎత్తులో ఎగిరే బాల్‌నే ఆపడం నేర్చుకుంటున్నారు. గట్టి నేల మీద బాల్ తనంతట తానే జారిపోతుంది కాబట్టి పాస్‌లో జోరు కూడా తక్కువే పెడతారు. ఇదే పిల్లగాడు గడ్డి గ్రౌండులో ట్రయల్స్‌కు పోతే పాస్ సగం దూరంలో ఆగిపోతుంది, అవతలివాడు మధ్యలో దూరి తీసుకుంటాడు. ఆట రాదనుకుంటారు, తేడా నేలది. నెలకు రెండుసార్లైనా గడ్డి మీద ఆడిస్తే ఇది సరిపోతుంది. సాయంత్రం ప్రాక్టీసుకు గంట ముందు ట్యాంకర్ నీళ్ళు చల్లితే దుమ్ము అణుగుతుంది, బాల్ ఎగరడం కూడా తగ్గుతుంది. వారానికి మూడు రోజులు చల్లుతున్నారు, ఎండాకాలం ఆరు రోజులూ చల్లాలి. ఒక మంచి విషయం: గోల్ పోస్టులు కాంక్రీటులో పాతారు. కదిలే పోస్టులను బరువు కట్టకుండా వదిలేసి ప్రాణాల మీదికి తెచ్చుకునే చోట్లు ఉన్నాయి కాబట్టి ఇది చెప్పాల్సిన సంగతే.

ఈ నేలకు బూట్లు ఎట్లాంటివి కొనాలన్నది అకాడమీ చెప్పదు, చెప్పాలి. షాపులో మొదట చూపించేవి పొడుగు స్టడ్‌లవి. అవి మెత్తటి గడ్డి నేలలో దిగడానికి చేసినవి. మొరం మీద దిగవు, ఒంటి బరువంతా పది పన్నెండు చుక్కల మీద పడి మడమ నొప్పి మొదలవుతుంది. అడుగున చిన్న చిన్న రబ్బరు బుడిపెలు నిండుగా ఉండే టర్ఫ్ బూట్లే ఇక్కడికి సరైనవి. ఎదిగే పిల్లగాడని రెండు సైజులు పెద్దవి కొనొద్దు. మేజోడు వేసుకున్నాక బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ చాలు. అంతకు మించితే మడమ జారుతుంది, బొబ్బలు వస్తాయి, బాల్ కూడా కాలికి సరిగ్గా తగలదు. 12 ఏళ్ళ లోపు వాళ్ళకు 4 నంబరు బాల్, ఆ పైన 5 నంబరు. 5 నంబరు బాల్ చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు ఉండాలి. ఇక్కడి బాల్స్‌లో సగం కుట్లు అరిగి గుడ్డు ఆకారానికి వచ్చాయి. మొరం మీద బాల్స్ త్వరగా పాడవుతాయి, ఏడాదికి ఒకసారి కొంటామంటే కుదరదు.

ప్రాక్టీసుకు ముందు ఫిఫా 11 ప్లస్ వార్మప్ చేయిస్తున్నారు. మూడు భాగాలు, 15 వ్యాయామాలు, మొత్తం 20 నిమిషాలు: ముందు మెల్లగా ఉరకడం, మధ్యలో నడుము, తొడలు, ఒంటికాలి నిలకడ, దూకడం, చివర వేగంగా ఉరికి దిక్కు మారడం. మోకాళ్ళకు, చీలమండలకు, తొడ వెనక కండరాలకు దెబ్బలు తగ్గించడానికే దీన్ని తయారుచేశారు, వారానికి రెండుసార్లైనా క్రమం తప్పకుండా చేస్తేనే ఫలితం. చేయించడం మంచిదే, కానీ తప్పులు దిద్దడం లేదు. ఒంటికాలి మీద కూర్చుని లేచేటప్పుడు, దూకి దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగుతుంటే ఆ వ్యాయామం వల్ల ఉపయోగం పోతుంది. మోకాలు బొటనవేలి గీతకు సూటిగా ఉండాలి. ముందు నిలబడి చూసేవాడు ఒకడుంటే చాలు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, ఈ అకాడమీ పట్టించుకోనిది, ఎదుగుదల. ఎక్కువమంది మగపిల్లలు 13, 14 ఏళ్ళప్పుడు ఒక్కసారిగా పొడుగవుతారు, ఏడాదిలో 8 నుంచి 10 సెంటీమీటర్లు. ఎముక ముందు పెరుగుతుంది, కండరం, నరం వెనకబడతాయి. ఆ ఏడాది పిల్లగాడి ఒళ్ళు అతని మాట వినదు. నిన్నటిదాకా ఆపిన బాల్ కాలికింద నుంచి పోతుంది, ఉరకడం వికారంగా మారుతుంది. కోచ్‌కు బద్ధకంలా కనబడుతుంది, తండ్రికి ఫోన్ పిచ్చిలా కనబడుతుంది. మోకాలి చిప్ప కింద ఎముక మీద బుడిపెలాంటి వాపు, నొక్కితే నొప్పి వస్తే దాన్ని ఆస్గుడ్ ష్లాటర్ అంటారు. మడమ వెనక నొప్పి సీవర్స్. రెండూ పెరుగుతున్న ఎముక మీద కండర బంధనం మళ్ళీ మళ్ళీ లాగడం వల్ల వచ్చేవే. దూకడాలు, ఫుల్ స్పీడు ఉరుకుళ్ళు, వరసపెట్టి షాట్లు కొట్టడం కొన్ని వారాలు తగ్గిస్తే చాలామందికి తగ్గిపోతుంది. పాసింగ్, చదరంలో ఆట, రెండో కాలి పని ఆపనక్కర్లేదు. నొప్పి మందు వేసుకుని ఆడిస్తే నెలల తరబడి సాగుతుంది.

దీన్ని ముందే పట్టుకోవడానికి ఖర్చేం లేదు. గోడ మీద టేపు అంటించి నెలకొకసారి ఎత్తు కొలవాలి. ఎప్పుడూ పొద్దున్నే కొలవాలి, సాయంత్రానికి ఎత్తు సెంటీమీటరు దాకా తగ్గుతుంది కాబట్టి లెక్క తప్పుతుంది. నెలకు 0.6 సెంటీమీటర్లు దాటి పెరుగుతున్నవాడి పేరు పక్కన గుర్తు పెట్టి ఉరుకుళ్ళు తగ్గించాలి. ఇక్కడ చేరిన రోజున ఎత్తు రాస్తారు, తర్వాత రాయరు. 13 ఏళ్ళ బ్యాచ్ 15 ఏళ్ళ బ్యాచ్‌తో కలిసి అవే రౌండ్లు కొడుతుంది. ఈ రివ్యూలో ఒక్క విషయమే అకాడమీవాళ్ళు పట్టించుకుంటామంటే ఇదే పట్టించుకోమంటా.

దీని ఇంకో ముఖం సెలెక్షన్‌లోనే ఉంది. వయసు గ్రూపులు జనవరి 1 లెక్కన కడతారు, అందుకని జనవరిలో పుట్టినవాడు అదే ఏడాది డిసెంబర్లో పుట్టినవాడికన్నా దాదాపు ఏడాది పెద్ద. 12 ఏళ్ళప్పుడు ఆ ఏడాది చాలా పెద్ద తేడా. ట్రయల్స్‌లో ముందుగా పెరిగిన పిల్లలే ఎంపికవుతారు. మూడేళ్ళకు అందరూ సమానమయ్యాక వాళ్ళ దగ్గర వేగం, బలం అన్న మిగులు ఉండదు, ఆట నేర్చుకుని ఉంటేనే నిలబడతారు. ఇక్కడి కోచ్‌లు ఈ విషయం తెలిసినవాళ్ళే. చిన్నగా ఉన్న ఇద్దరు ముగ్గురిని కావాలని తీసుకున్నారు. ఆ పిల్లలే ఇప్పుడు బాల్ దగ్గర అందరికన్నా నింపాదిగా, తెలివిగా ఆడుతున్నారు.

తిండి బాగుంది. 45 నుంచి 48 కిలోల ఆటగాడికి రోజుకు 70 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి, కిలోకు గ్రామున్నర లెక్కన. ఇక్కడి మెనూ కలిపి చూస్తే సరిపోతుంది: రెండు గుడ్లకు 12, పావులీటరు పాలకు 8, పొద్దున ఇచ్చే బొబ్బర్ల గుడాలు ఒక కప్పుకు మరో 12, మధ్యాహ్నం పప్పు, అన్నం, పెరుగు కలిపి 24, సాయంత్రం పల్లి పట్టీకి 6, రాత్రి రెండు జొన్న రొట్టెలకు 10. ఆదివారం చికెన్ అదనం. పల్లి, జొన్న మన నేల పంటలే, డబ్బాలో పౌడరు కొనాల్సిన పని లేదు. కొనమని ఎవరైనా చెప్పినా ఈ వయసులో కొనొద్దు.

తప్పంతా వేళల్లో ఉంది. పొద్దున 6 గంటల ప్రాక్టీసుకు చాయ్ ఒక్కటే తాగి పోతారు. రాత్రి అన్నం తిని అప్పటికి తొమ్మిది గంటలు. అరటిపండో, రెండు ఖర్జూరాలో ఇస్తే చివరి అరగంట పిల్లలు తూలకుండా ఉంటారు. సాయంత్రం ప్రాక్టీసు 6:30కి అయిపోతుంది, రాత్రి భోజనం 9కి. ఆ పల్లి పట్టీని ప్రాక్టీసు ముందు కాకుండా అయిన వెంటనే ఇచ్చి, భోజనం 7:45కి పెట్టాలి. 9కి తిని 10:30కి పడుకుని 5:15కి లేస్తే నిద్ర ఏడు గంటలు కూడా ఉండదు. ఈ వయసుకు కనీసం ఎనిమిది కావాలి. ఎదుగుదలకు కావాల్సిన హార్మోన్ ఎక్కువగా నిద్రలోనే విడుదలవుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 42 డిగ్రీలు మామూలే. రెండు డ్రమ్ముల నీళ్ళు పెడతారు, ఉప్పు లేదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా. ఉప్పు ఎక్కువైతే దాహం పెరిగి వాంతులవుతాయి, కళ్ళతో లెక్కేసి వేయొద్దు. ప్రాక్టీసుకు ముందు, తర్వాత తూకం వేస్తే ఎవరు తక్కువ తాగుతున్నారో తెలిసిపోతుంది. 45 కిలోలవాడు 900 గ్రాములు తగ్గాడంటే నీళ్ళు చాలలేదన్నట్టే.

ఇప్పుడు అసలు లోపం, మ్యాచ్‌లు. శనివారం తమలో తామే రెండు జట్లుగా ఆడుకుంటారు. బయటి జట్టుతో ఆడేది స్కూల్ గేమ్స్ రోజుల్లో, స్కూలు జట్ల సుబ్రతో కప్ జిల్లా పోటీల్లో, అప్పుడొకటి ఇప్పుడొకటి జరిగే టోర్నమెంట్లలో. టోర్నమెంట్లో కూడా గెలవాలని పెద్ద పిల్లలనే ఆడిస్తారు, బెంచి మీద కూర్చున్నవాడు జెర్సీ తడవకుండానే తిరిగొస్తాడు. ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో రాసే రిజిస్టర్ లేదు. 14 ఏళ్ళ దాకా దీన్ని నెట్టుకురావచ్చు, చిన్న మైదానాల ఆటే ఆ వయసుకు సగం మ్యాచ్. 15 తర్వాత కుదరదు. తెలియని ప్రత్యర్థి, రెఫరీ విజిల్, ఓడిపోతున్నప్పటి చివరి పది నిమిషాలు, ఇవి ప్రాక్టీసులో దొరకవు.

పైస్థాయిలో కూడా ఇదే లెక్క. 2017 జూలైలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్బులు ముంబైలో డ్రాఫ్ట్ పెట్టి ఆటగాళ్ళను ఎంచుకున్నాయి. ఇప్పుడు నేరుగా ఒప్పందాలు చేసుకుంటున్నాయి. ఏ దారిలో ఎంపికైనా సీనియర్ జట్టులో బెంచి మీదే రెండు సీజన్లు గడిపిన కుర్రాడు ఎదగడు. ఈ కారణంతోనే ఫెడరేషన్ ఇండియన్ యారోస్ అనే కుర్రాళ్ళ జట్టును 2010లో మొదలుపెట్టి ఐ-లీగ్ అనే జాతీయ లీగ్‌లో ఆడించింది. మధ్యలో ఆగి మళ్ళీ నడిచి 2022లో అది మూతపడింది. ఆ ఏడాదే రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ వచ్చింది, క్లబ్బుల కుర్ర జట్లు అందులో ఆడుతున్నాయి. నిమిషాలు దొరికితే ఏమవుతుందో హైదరాబాద్ ఎఫ్‌సీ చూపించింది. 2020-21 సీజన్‌లో ఆ జట్టు కోచ్ మనోలో మార్కెజ్ 20 ఏళ్ళు కూడా నిండని ఆకాశ్ మిశ్రాను లెఫ్ట్ బ్యాక్‌గా నమ్మి వరసగా ఆడించాడు. 2021 మార్చిలోనే అతను భారత జట్టుకు ఆడాడు, 2022 మార్చిలో ఆ క్లబ్బు ఐఎస్ఎల్ గెలిచింది.

ఇక్కడి స్థాయిలో చేయగలిగింది చేయవచ్చు. జడ్చర్ల, నారాయణపేట, వనపర్తి, షాద్‌నగర్ స్కూళ్ళతో నెలకు రెండు మ్యాచ్‌లు పెట్టుకుంటే బస్సు ఖర్చే. ఒక్కో ఆటకు ప్రతి పిల్లగాడికి కనీసం 30 నిమిషాలు అని రాసిపెట్టుకోవాలి. ఏఐఎఫ్ఎఫ్ అక్రెడిటేషన్ తెచ్చుకుంటే జాతీయ యూత్ లీగ్‌లకు దారి దొరుకుతుంది. దరఖాస్తు పెట్టే ఆలోచనలో ఉన్నామని యాజమాన్యం అంటోంది. పెట్టిందాకా 15 దాటిన పిల్లలను హైదరాబాద్ క్లబ్బుల వైపు పంపడమే మంచిది. అజీజ్‌నగర్‌లో సొంత గ్రౌండు ఉన్న శ్రీనిధి డెక్కన్ 2022-23, 2023-24 ఐ-లీగ్ సీజన్లలో రెండో స్థానంలో నిలిచిన క్లబ్బు. అట్లాంటి చోట ట్రయల్స్‌కు 14వ ఏటనే తయారు చేయాలి.

ఆడపిల్లల బ్యాచ్ లేదు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ భారత జట్టుకు ఆడుతున్న రోజుల్లో ఇది పెద్ద వెలితి. సాయంత్రం గ్రౌండు అంచున నిలబడి చూసే ఆడపిల్లలు ఊళ్ళో ఉన్నారు.

కాగితాల విషయంలో తల్లిదండ్రులే జాగ్రత్త పడాలి. పిల్లగాడి పేరు ఏఐఎఫ్ఎఫ్ సీఆర్ఎస్‌లో, అంటే ఆటగాళ్ళ ఆన్‌లైన్ రిజిస్టర్‌లో, నమోదైందా, ఏ సీజన్‌కు ఏ జట్టు పేరు మీద ఉంది అన్నది ప్రతి ఏడాదీ అడిగి స్క్రీన్‌షాట్ తీసుకోండి. మన దగ్గర చాలామంది పిల్లలకు బడిలో చేర్చేటప్పుడు జూన్ నెల పుట్టినరోజు రాయించారు. ఆధార్‌లో ఒకటి, జనన ధ్రువపత్రంలో ఒకటి, టీసీలో ఇంకొకటి ఉంటే నమోదు అక్కడే ఆగిపోతుంది. చేరకముందే మూడింటినీ ఒకటి చేయించండి. వయసు తగ్గించి చూపిద్దామన్న ఆలోచనే వద్దు. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి టీడబ్ల్యూ3 పద్ధతిలో ఎముక వయసు లెక్కగడతారు, దొరికితే పిల్లగాడి పేరు పోతుంది.

విదేశాల్లో ట్రయల్స్ అని 15, 16 ఏళ్ళ పిల్లల తండ్రుల దగ్గర లక్షలు అడిగేవాళ్ళు ఈ మధ్య తిరుగుతున్నారు. ఫిఫా నియమాల ప్రకారం 18 నిండకుండా ఇంకో దేశపు క్లబ్బుకు మారడం కుదరదు. కుటుంబం ఆటతో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి తరలిపోవడంలాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. 18 లోపు ప్రొఫెషనల్ కాంట్రాక్టు మూడేళ్ళకు మించి ఉండకూడదు. ఐదేళ్ళ కాగితం ఎవరైనా పెడితే సంతకం చేయొద్దు.

చదువు పక్కన పెట్టలేదు, అది సంతోషం. 9:30 నుంచి 3:30 దాకా పక్కనే స్కూలు. పదో తరగతివాళ్ళకు డిసెంబర్ నుంచి పరీక్షలయ్యేదాకా పూటకొక్క ప్రాక్టీసే. ఇక్కడ చేరినవాళ్ళలో ఎక్కువమంది ప్రొఫెషనల్స్ కారు, ఆ మాట కోచ్‌లు మొదటి మీటింగ్‌లోనే తల్లిదండ్రులకు చెప్తున్నారు. అట్లా చెప్పే అకాడమీలు తక్కువ.

మానేసి వేరేచోటికి పోయేటప్పుడు కట్టిన నెల ఫీజు తిరిగి ఇవ్వరు కాబట్టి నెలాఖరుకే చెప్పండి. టీసీతో పాటు జట్టు నుంచి ఎన్ఓసీ రాతపూర్వకంగా తీసుకోండి. అది లేకుండా కొత్త జట్టుకు సీఆర్ఎస్ బదిలీ ఆలస్యమై రిజిస్ట్రేషన్ గడువు దాటితే ఒక సీజన్ పోతుంది. దెబ్బలు తగిలినప్పటి ఎక్స్‌రేలు, డాక్టర్ చీటీలు ఆఫీసు బీరువాలో ఉంటాయి, అడిగితేనే ఇస్తారు, అడగండి.